ఇంటి వెనక పొలంలో వేర్‌హౌస్ కడతారట, ప్లానింగ్ బోర్డు హియరింగ్‌కి వెళ్తే ఉపయోగం ఉంటుందా? (న్యూజెర్సీ)

కొత్తిల్లు_జెర్సీ:

అందరికీ నమస్తే. మేం సెంట్రల్ జెర్సీలో ఉంటాం, టర్న్‌పైక్ 8ఏ ఎగ్జిట్‌కి మరీ దూరం కాదు, టౌన్‌షిప్ పేరు మాత్రం ఇక్కడ రాయను. కొత్త కమ్యూనిటీలో ఇల్లు కొని ఎక్కువ కాలం కాలేదు. వెనకంతా పొలం, ఎండాకాలం సోయాబీన్, అక్టోబర్ వస్తే గుమ్మడికాయలు. ఆ పొలం చూసే మా ఆవిడ ఈ ఇల్లే కావాలని పట్టుబట్టింది, బిల్డర్ కూడా ఆ వ్యూ చూపించే లాట్ ప్రీమియం అని ఇంకొంత గుంజాడు.

పోయిన వారం సర్టిఫైడ్ మెయిల్‌లో ఒక ఉత్తరం వచ్చింది. తీరా చూస్తే ఆ పొలంలో రెండు వేర్‌హౌస్‌లు కడతామని ఒక కంపెనీ అప్లికేషన్ పెట్టిందట, ప్రిలిమినరీ అండ్ ఫైనల్ మేజర్ సైట్ ప్లాన్ అని రాసి ఉంది, కింద బ్లాక్ నంబరు, లాట్ నంబరు, వచ్చే నెల ఒక బుధవారం రాత్రి 7:30కి ప్లానింగ్ బోర్డు హియరింగ్ అని ఉంది. రెండు బిల్డింగులూ కలిపి 6 లక్షల చదరపు అడుగులు. ట్రక్కులు ఎటు నుంచి వస్తాయో, రాత్రంతా నడుస్తుందో లేదో ఆ కాగితంలో ఏమీ లేదు.

అప్పటి నుంచి మా వాట్సాప్ గ్రూపులో ఒకటే గోల. ఒకాయన ఆన్‌లైన్ పిటిషన్ పెట్టేశాడు, సాయంత్రానికల్లా వందల సంతకాలు వచ్చాయి. ఇంకొకాయన బోర్డులో మన తెలుగాయన ఒకరున్నారు, బతుకమ్మ ఈవెంట్‌లో కలిశాను, ఒక ఫోన్ కొడితే చాలు అంటున్నాడు. ఇంకో బ్యాచ్ ఇంటికి ఇంత అని వేసుకుని లాయర్‌ని పెడదాం అంటోంది. నాకు ఏదీ అర్థం కావడం లేదు, రాత్రిళ్లు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

ఎవరైనా ఇలాంటిది ఎదుర్కొని ఉంటే చెప్పండి. పిటిషన్‌కి విలువ ఉంటుందా, అసలు ఈ బోర్డు వాళ్లు మా మాట వింటారా లేక ముందే అంతా మాట్లాడేసుకుని హియరింగ్ ఒక తంతుగా పెడతారా? మేం హెచ్1బీ మీద ఉన్నాం, ఓటు లేదు, అక్కడికెళ్లి మాట్లాడొచ్చా, మాట్లాడితే రేపు గ్రీన్‌కార్డుకి ఏమైనా అడ్డం వస్తుందా? ఇంకొకటి, ఇదే వీధిలో మా ఫ్రెండ్ అద్దెకుంటాడు, వాడికి ఉత్తరం రాలేదు, ఎందుకని?

—

పీఈ_రాజమండ్రి:

నేను సివిల్ ఇంజనీర్‌ని, అప్లికెంట్ల వైపు, అంటే మీరు తిట్టుకుంటున్న వాళ్ల వైపే సైట్ ప్లాన్లు గీస్తుంటాను, కాబట్టి నేను చెప్పేది కొంచెం చేదుగా ఉండొచ్చు.

ముందు చిన్నవి తేల్చేద్దాం. ఆ స్థలం హద్దు నుంచి 200 అడుగుల లోపు ఉన్న ఆస్తుల యజమానులకి హియరింగ్‌కి కనీసం 10 రోజుల ముందు నోటీసు పంపాలి, బహిరంగ ప్రకటన కూడా వేయాలి. టాక్స్ రికార్డులో ఉన్న ఓనర్ పేరుకే వెళ్తుంది కాబట్టి మీ ఫ్రెండ్‌కి రాలేదు, వాళ్ల ఇంటి ఓనరుకి వచ్చి ఉంటుంది. రాకపోయినా వాడు మాట్లాడొచ్చు. ఇదంతా 1975లో వచ్చిన మునిసిపల్ ల్యాండ్ యూజ్ లా కింద నడుస్తుంది, అందులో తన ఆస్తిని వాడుకునే, అనుభవించే హక్కు దెబ్బతినే ఎవరినైనా ఇంట్రెస్టెడ్ పార్టీ అనే అంటారు, పక్క ఊళ్లో ఉన్నా సరే. సిటిజన్‌షిప్ ప్రస్తావనే లేదు. పేరు, అడ్రసు చెప్పాలి, ప్రమాణం చేయిస్తారు, మాట్లాడతారు, కూర్చుంటారు, అంతే. ఇంతమంది ఇండియన్స్ వచ్చి మాట్లాడటం చూశాను, వీసా ఏంటి అని అడిగిన బోర్డు నాకు తగల్లేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఆ పొలం ఏ జోన్‌లో ఉందో, అంటే అక్కడ ఏం కట్టొచ్చని టౌన్‌షిప్ రాసిపెట్టిందో చూడండి. టౌన్‌షిప్ వెబ్‌సైట్‌లో జోనింగ్ మ్యాప్ ఉంటుంది. అక్కడ వేర్‌హౌస్‌కి జోన్‌లోనే అనుమతి ఉండి, వాళ్లు అన్ని కొలతలూ పాటించి ప్లాన్ గీస్తే, బోర్డుకి కాదనే అధికారం దాదాపు లేదు. వినడానికి వింతగా ఉంటుంది కానీ నిజం. ఈ బోర్డు వేర్‌హౌస్ కావాలా వద్దా అని ఓటేసే చోటు కాదు, ప్లాన్ ఆర్డినెన్స్‌కి, అంటే టౌన్‌షిప్ రాసుకున్న చట్టానికి, సరిపోయిందా లేదా అని చూసే చోటు. కావాలా వద్దా అన్నది జోనింగ్ రాసినప్పుడే టౌన్‌షిప్ కమిటీయో కౌన్సిలో తేల్చేసింది, బహుశా మీరు ఇల్లు కొనకముందే.

ట్రాఫిక్ పెరుగుతుంది అని హాలంతా ఊగిపోతారు. 1984లో నార్త్ బ్రన్స్‌విక్‌లో డంకిన్ డోనట్స్ కేసు ఉంది, జోన్‌లో అనుమతి ఉన్న వ్యాపారాన్ని బయటి రోడ్డు మీద ట్రాఫిక్ పెరుగుతుందన్న సాకుతో ప్లానింగ్ బోర్డు తిరస్కరించకూడదని అప్పీలు కోర్టు చెప్పింది. గేటు ఎక్కడ పెట్టాలి, ట్రక్కు ఎలా తిరగాలి, లోపల లైను కట్టడానికి జాగా ఉందా అన్నవి అడగొచ్చు. ఊరి రోడ్డు మీద బళ్లు ఎక్కువైపోతాయి అన్నది మాత్రం ఆ కేసు తర్వాత పెద్దగా పనికొచ్చే మాట కాదు. మా లాయర్లు ఆ మాట కోసమే ఎదురుచూస్తుంటారు.

పిటిషన్ కూడా అంతే. సంతకం పెట్టినవాళ్లని ఎదురు ప్రశ్నలు వేసే వీలుండదు కాబట్టి బోర్డు అటార్నీలు సాధారణంగా దాన్ని రికార్డులోకి తీసుకోనివ్వరు, ఉత్తరాలూ ఈమెయిల్సూ అంతే. సంతకాల కంటే అందులో 10 మంది మనుషులుగా వచ్చి కూర్చుంటే నయం.

మరి ఏం చేయాలి అంటే, కాగితాలు చదవాలి. హియరింగ్‌కి 10 రోజుల ముందు నుంచే ప్లాన్లన్నీ ఆఫీసులో జనం చూడటానికి పెట్టాలి, అది చట్టం. సైట్ ప్లాన్, ట్రాఫిక్ రిపోర్టు, వాన నీటి రిపోర్టు, వీటన్నిటికంటే ముఖ్యంగా బోర్డు ఇంజనీరు, ప్లానరు రాసిన రివ్యూ లెటర్లు. మా ప్లాన్‌లో తప్పులన్నీ వాళ్లే ఏరి పెట్టి ఉంటారు, వాళ్ల ఫీజు కూడా అప్లికెంట్ ముందే కట్టిన డిపాజిట్ (ఎస్క్రో) నుంచే పోతుంది. నోటీసు కూడా ఇంకోసారి చదవండి, వేరియన్స్ ఏమైనా అడుగుతున్నారా చూడండి. వేరియన్స్ అంటే రూల్ తప్పుతున్నాం, క్షమించండి అని అడగడం. అది ఉంటే కథ కొంచెం మారుతుంది.

—

నిజం_నిష్ఠూరం:

అన్నా, లాట్ ప్రీమియం కట్టే ముందు జోనింగ్ మ్యాప్ చూడలేదా? కారు కొంటే కార్‌ఫ్యాక్స్ (బండి పాత చరిత్ర రిపోర్టు) చూస్తాం, ఏడెనిమిది లక్షలు పెట్టి ఇల్లు కొంటూ వెనక స్థలం ఎవరిదో, ఏ జోనో చూసుకోం. మీ కమ్యూనిటీ కూడా ఒకప్పుడు పొలమే, అప్పుడు ఆ పాత ఊరివాళ్లు ఇదే బోర్డు ముందు నిలబడి ట్రాఫిక్, స్కూళ్లు నిండిపోతాయి అని అరిచే ఉంటారు.

ఇంకో మాట. వేర్‌హౌస్ వద్దంటే ఆ పొలం పొలంగానే ఉంటుందని ఎవరు చెప్పారు? రైతుకి వయసైపోయింది, పిల్లలు సేద్యం చేయరు, అమ్ముకుంటాడు. డెవలప్‌మెంట్ హక్కులు ప్రభుత్వానికి అమ్మేసి ప్రిజర్వ్ అయిన పొలమైతేనే పొలంగా మిగులుతుంది. లేకపోతే రేపు అక్కడ అపార్ట్‌మెంట్లు వస్తాయి, 1975 మౌంట్ లారెల్ తీర్పు దగ్గర నుంచి ప్రతి ఊరూ తన వంతు తక్కువ ఆదాయం వాళ్ల ఇళ్లకి చోటివ్వాల్సిందే, 2024లో కొత్త చట్టం కూడా వచ్చింది. అప్పుడు మన గ్రూపులో ఏం మెసేజ్‌లు వస్తాయో నాకు తెలుసు, చదవబుద్ధి కాదు.

—

కొత్తిల్లు_జెర్సీ:

@నిజం_నిష్ఠూరం చూడలేదండీ, మాకు తెలిసిన ఏజెంట్లెవరూ అది చూడమని చెప్పలేదు, ఇప్పుడు అది అనుకుని లాభం లేదు కదా. అపార్ట్‌మెంట్లు వస్తే నాకేం అభ్యంతరం లేదు, మేమూ అపార్ట్‌మెంట్ నుంచే వచ్చాం. రాత్రి 2 గంటలకి ట్రక్కు రివర్స్ బీపులు మాత్రం మా పాపకి వద్దు.

@పీఈ_రాజమండ్రి చాలా థాంక్సండీ. అంటే వెళ్లినా ఆపలేం అంటున్నారా?

—

గుంటూరుమిర్చి_ఎన్‌జే:

ఆపలేకపోవచ్చు తమ్ముడూ, కానీ మార్చగలరు. మేం వేరే టౌన్‌షిప్‌లో ఇదే బాధ పడ్డాం. వేర్‌హౌస్ కట్టారు, ఇప్పుడు నడుస్తోంది కూడా, కానీ మొదట గీసిన ప్లానూ కట్టినదీ ఒకటి కాదు. మొదటి ప్లాన్‌లో లోడింగ్ డాక్‌లన్నీ మా ఇళ్ల వైపే. చివరికి బిల్డింగే మాకూ డాక్‌లకీ మధ్య గోడలా ఉండేట్టు తిప్పించాం. మట్టి గట్టు ఎత్తు పెంచారు, దాని మీద ఏడాదంతా పచ్చగా ఉండే చెట్లు వేశారు, లైట్ల స్తంభాలు పొట్టివి చేసి వెలుగు కిందికే పడేట్టు పెట్టారు, ట్రక్కులు మా వీధి వైపు తిరగకుండా గేటు దగ్గర కట్టడి పెట్టారు. ఇవన్నీ బోర్డు రిజల్యూషన్‌లో, అంటే వాళ్ల రాతపూర్వక తీర్మానంలో, కండిషన్లుగా రాయించాం, రాతలో ఉంటేనే రేపు జోనింగ్ ఆఫీసర్‌కి ఫోన్ చేసి ఇదిగో మీరు ఒప్పుకున్నది అని అడగగలం. హాల్లో వాళ్ల లాయరు తలూపినదానికి విలువ లేదు.

ఎలా చేశామంటే పని పంచుకున్నాం. మాలో ఒకామె సివిల్ చదివింది, వాన నీటి రిపోర్టు ఆమెకి. 2021 సెప్టెంబర్‌లో ఐడా తుపాను వచ్చినప్పుడు మా బ్యాక్‌యార్డులు చెరువులయ్యాయి, ఆ ఫొటోలు తేదీలతో సహా ప్రింట్ తీసి, తీసినావిడే స్వయంగా వచ్చి ఇది నేనే తీశాను అని చెప్పింది, అలా అయితేనే ఎగ్జిబిట్‌గా (సాక్ష్యంగా) తీసుకుంటారు. ఇంకొకాయన చప్పుడు సంగతి చూశాడు. న్యూజెర్సీ రూల్ ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 7 దాకా ఇంటి హద్దు దగ్గర 50 డెసిబెల్స్ దాటకూడదు, పగలు 65. డీజిల్ బండి 3 నిమిషాలకి మించి ఇంజిన్ ఆన్‌లో పెట్టి ఊరికే నిలబడకూడదు. వాళ్ల సౌండ్ ఎక్స్‌పర్టుని ఆయన అడిగిన ప్రశ్న ఒకటే, మీ లెక్కలో ఫ్రీజర్ ట్రక్కులు ఉన్నాయా అని. లేవు. అద్దెకు ఎవరొస్తారో ఇంకా తెలీదు అన్నారు. అయితే ఫ్రీజర్ ట్రక్కులు పెట్టుకోము అని రాసివ్వండి అన్నాం, అది కూడా కండిషన్లలోకి ఎక్కింది.

ఇది బాగా గుర్తుపెట్టుకో. వాళ్ల సాక్షి మాట్లాడి అయిపోగానే జనం నుంచి ప్రశ్నలేమైనా ఉన్నాయా అంటారు, అప్పుడు ప్రశ్నలే అడగాలి, అభిప్రాయం చెప్తే ఛైర్మన్ ఆపేస్తాడు. అభిప్రాయాలకి చివర్లో వేరే సమయం ఇస్తారు. మా వాళ్లలో సగం మంది మొదటి రాత్రి ప్రశ్న అడగమంటే ఉపన్యాసం మొదలుపెట్టి, ఆపేయగానే కోపం వచ్చి వెళ్లిపోయారు, తర్వాత మళ్లీ రాలేదు. ఇది ఒక్క రాత్రిలో తేలదు. 10:30కో 11కో ఆపేసి ఫలానా తేదీకి వాయిదా, మళ్లీ నోటీసులు పంపం అని మైకులో చెప్తారు, ఆ మాట వినేదాకా కుర్చీలోంచి లేవకు. ఇంకో ఉత్తరం వస్తుందని ఎదురుచూస్తూ ఇంట్లో కూర్చుంటే అక్కడ పని అయిపోతుంది.

లాయర్ గురించి, మీ హెచ్‌ఓఏ (ఇళ్ల ఓనర్ల సంఘం) తరఫున మాట్లాడాలంటే లాయర్ ఉండాల్సిందే. మీకోసం మీరు మాట్లాడుకోవడానికి అక్కర్లేదు. మేం లాయర్‌తో పాటు సొంత ప్లానర్‌ని కూడా పెట్టుకున్నాం, నన్నడిగితే డబ్బు తక్కువుంటే ముందు ప్లానర్‌కే పెట్టండి, ఎక్స్‌పర్టుకి ఎక్స్‌పర్టు జవాబిస్తేనే బోర్డు చెవిన పడుతుంది. పిల్లల్ని తీసుకొచ్చి ముందు వరుసలో కూర్చోబెట్టే ఐడియా ఎవరైనా ఇస్తే వద్దను. రేపు వాళ్లకి స్కూలుంటుంది.

—

సోమర్సెట్_పాతకాపు:

అందరూ మంచి విషయాలు చెప్పారు, నేను ఆ తెలుగాయనకి ఫోన్ కొట్టే ఐడియా గురించి మాత్రమే చెప్తాను. దయచేసి కొట్టకండి. మెసేజ్ కూడా పెట్టకండి, గుళ్లో కనబడితే వాతావరణం గురించి మాట్లాడుకోండి. బోర్డు సభ్యులు కోర్టులో జడ్జిల్లాగా హియరింగ్‌లో విన్నదాని మీదే తీర్పు చెప్పాలి. బయట ఒక పక్షంతో మాట్లాడారని తెలిస్తే ఆయన ఆ కేసు నుంచి తప్పుకోవాల్సి వస్తుంది, మీకు సాయం చేసే ఓటు ఉంటే గింటే అదే పోతుంది. పైగా రేపు ఆ నిర్ణయాన్ని కోర్టులో కొట్టేయించడానికి అవతలివాళ్లకి మీ చేత్తో మీరే కారణం ఇచ్చినట్టు. మన ఊళ్లో అయితే మనకి తెలిసినోడు లోపలుంటే సగం పని అయినట్టే, ఇక్కడ లోపలున్నోడు తెలిసినోడైతే పని చెడుతుంది. పాపం ఆ సభ్యులు జీతం లేకుండా సాయంత్రాలు వచ్చి కూర్చునే మామూలు మనుషులు, ఆయన్ని ఇరకాటంలో పెట్టకండి.

రెండోది, మైకు ముందు నోరు జాగ్రత్త. హియరింగ్‌లో ప్రతి మాటా రికార్డు చేస్తారు. మా కౌంటీలోనే బెర్నార్డ్స్ టౌన్‌షిప్‌లో జరిగినది చాలామంది మరిచిపోయారు. 2012లో బాస్కింగ్ రిడ్జ్ ఇస్లామిక్ సొసైటీ మసీదు కోసం ప్లానింగ్ బోర్డుకి అప్లికేషన్ పెట్టింది. ఏళ్ల తరబడి 39 హియరింగులు నడిచాయి. ఎక్కువ గొడవ దేని గురించి అనుకున్నారు, పార్కింగ్. ఆర్డినెన్స్ ప్రకారం ముగ్గురికి ఒక స్థలం లెక్కన 150 మందికి 50 సరిపోతాయి, బోర్డు 107 కావాలంది. చర్చిలకి ఒక లెక్క, మసీదుకి ఇంకో లెక్క. 2015 డిసెంబర్‌లో తిరస్కరించారు. వాళ్లు ఫెడరల్ కోర్టుకి వెళ్లారు, జస్టిస్ డిపార్ట్‌మెంట్ కూడా కేసు వేసింది, 2017లో టౌన్‌షిప్ 32.5 లక్షల డాలర్లకి రాజీ పడి మసీదుకి అనుమతి ఇచ్చింది. రేపు మన గుడి కట్టేటప్పుడు కూడా ఇదే బోర్డు ముందుకి వెళ్లాలి, అప్పుడూ పార్కింగ్, ట్రాఫిక్ అనే అంటారు. కాబట్టి వేర్‌హౌస్‌లో పనిచేసేవాళ్లు ఎలాంటివాళ్లో, మన ఏరియాకి ఎవరొస్తారో అని ఎవరైనా మొదలుపెడితే చొక్కా పట్టుకుని కూర్చోబెట్టండి. అడుగులూ డెసిబెల్సూ తప్ప ఇంకేం వద్దు.

—

నిజామాబాద్_బిడ్డ:

ఇదంతా చదువుతుంటే మా కామారెడ్డి యాదికొచ్చింది. 2022 చివర్లో మునిసిపాలిటీ ముసాయిదా మాస్టర్ ప్లాన్ పెట్టింది, చుట్టుపక్కల ఊళ్ల రైతుల పంట భూములు ఇండస్ట్రియల్ జోన్ల కింద, 100 అడుగుల రోడ్ల కింద చూపెట్టిన్రు. రైతులు రోడ్డెక్కి, కలెక్టరేట్ ముట్టడించి, బంద్ చేసి నానా తిప్పలు పడ్డరు, ఒక రైతు ప్రాణం కూడా పోయింది. 2023 జనవరిలో మునిసిపల్ కౌన్సిలే ఆ ప్లాన్ రద్దు చేయాలని తీర్మానం చేసింది. జగిత్యాలలో కూడా అట్లనే ఆగింది.

నేను చెప్పేదేందంటే వాళ్లు కొట్లాడింది ముసాయిదా మీద. మ్యాప్‌ల జోన్లకి రంగులేసే టైమ్‌లనే పట్టుకున్నరు, బిల్డింగ్ పర్మిషన్ దాకా ఆగలేదు. అక్కడ రైతు భూమికి ఇండస్ట్రియల్ రంగేస్తే వద్దని కొట్లాడిండు, ఇక్కడ రైతే అమ్ముకుంటనంటే పక్కింటోళ్లు వద్దంటున్నరు, అది వేరే ముచ్చట. కానీ రంగేసే టైమే అసలు టైమ్ అన్నది రెండు చోట్లా ఒకటే. ఇక్కడ ప్రతి టౌన్‌షిప్ కనీసం 10 ఏండ్లకోసారి మాస్టర్ ప్లాన్ మళ్లీ చూసుకోవాలె, ఆ మీటింగులకి పోతే మనుషులే ఉండరు. నేను పోయిన, బోర్డు వాళ్లు కాకుండా నేనూ ఒక ముసలామె, అంతే. ఊర్లు పొలాలకి వేర్‌హౌస్ రంగు ఎందుకేస్తాయంటే టాక్స్ వస్తది, బడికొచ్చే పిల్లలు ఉండరు. స్కూల్ ఖర్చు చానా మటుకు ప్రాపర్టీ టాక్స్ మీదనే నడిచే చోట ఏ మేయర్‌కైనా అది తీపి మాటే.

ఒకటి తెలుసుకో అన్నా, జోన్ మార్చే ఆర్డినెన్స్ వచ్చినప్పుడు ఆ ఏరియాలో గానీ, దానికి 200 అడుగుల లోపు గానీ ఉన్న భూమిలో 20 శాతం ఓనర్లు రాతపూర్వకంగా అభ్యంతరం ఇస్తే కౌన్సిల్‌లో మూడింట రెండొంతుల ఓటు కావాలె. ఆ పిటిషన్‌కి విలువుంది, మీ ఆన్‌లైన్ దానికి కాదు. ఇప్పుడున్న అప్లికేషన్‌కి అది పనికిరాదు, ఎందుకంటే అప్లికేషన్ పెట్టిన నాడు ఉన్న రూలే దానికి వర్తిస్తది, 2011 నుంచి అదే పద్ధతి. కానీ మీ పొలం పక్కన ఇంకో పొలం ఉంటే దాని రంగు ఇప్పుడే చూసుకోండి.

—

కొత్తిల్లు_జెర్సీ:

అందరికీ చాలా థాంక్స్. ఆ ఫోన్ ఐడియా ఆయనకి ఈ లింక్ పంపి ఆపించాను. నిన్న లంచ్‌లో టౌన్‌షిప్ ఆఫీసుకి వెళ్లి ఫైలు చూశాను. కౌంటర్‌లో ఆవిడ చాలా ఓపిగ్గా ఉంది, టేబుల్ ఇచ్చి ప్లాన్లు పరిచి పెట్టింది, ఫోన్‌లో ఫొటోలు తీసుకోనిచ్చింది.

జోన్ చూశాను, వేర్‌హౌస్‌కి అనుమతి ఉంది, ఆ మార్పు మా కమ్యూనిటీ కట్టకముందే జరిగింది. డాక్‌లు ఒక బిల్డింగ్‌కి మా వైపే ఉన్నాయి. నీటి గుంట మా కంచె పక్కనే. ఇంకోటి, టేబుల్‌లో ఎత్తు అని ఒక లైను ఉంది, ఆ జోన్‌లో అనుమతి 40 అడుగులు, వీళ్లు పెట్టింది 48 అడుగులు, పక్కన చిన్న అక్షరాల్లో వి అని రాసి ఉంది. రాజమండ్రి గారూ, మీరు వేరియన్స్ అన్నది ఇదేనా? నోటీసులో కూడా చూస్తే బల్క్ వేరియన్స్ అని ఒక ముక్క ఉంది.

—

పీఈ_రాజమండ్రి:

ఆ ఫొటో ఒకటి పెట్టండి, అప్లికెంట్ పేరు చెరిపేసి. మీరు రాసింది నిజమైతే ఇది చిన్న విషయం కాదు.

ఇక్కడ రెండు రకాల వేరియన్స్‌లు. సీ అని ఒకటి, దాన్నే బల్క్ అంటారు, కంచె ఎత్తు, సెట్‌బ్యాక్ (హద్దు నుంచి వదలాల్సిన జాగా) లాంటివి, ప్లానింగ్ బోర్డు సైట్ ప్లాన్‌తో పాటు మామూలు మెజారిటీతో ఇచ్చేయొచ్చు. రెండోది డీ. జోన్‌లో లేని వాడకానికి అడిగేది ముఖ్యంగా ఇదే, కానీ మెయిన్ బిల్డింగ్ ఎత్తు అనుమతి కంటే 10 అడుగులు గానీ 10 శాతం గానీ దాటితే అది కూడా డీ కిందికే వస్తుంది. 40కి 10 శాతం 4 అడుగులు. వీళ్లు 8 దాటారు. డీ వేరియన్స్ ఇచ్చే అధికారం ప్లానింగ్ బోర్డుకి లేదు, జోనింగ్ బోర్డ్ ఆఫ్ అడ్జస్ట్‌మెంట్‌కి వెళ్లాలి, అక్కడ 7 మందిలో 5 ఓట్లు అవునని పడాలి. చిన్న ఊళ్లలో రెండు బోర్డులూ ఒకటే ఉంటాయి, అక్కడ కూడా ఆ 5 ఓట్ల లెక్క తప్పదు.

అయితే ఎగరొద్దు. వాళ్ల లాయర్లు ఇంత తేలిగ్గా కనబడేది వదిలేస్తారని నేను నమ్మను. ఎత్తు ఎక్కడి నుంచి ఎక్కడికి కొలవాలి అన్నది ఒక్కో ఊరి ఆర్డినెన్స్‌లో ఒక్కోలా రాసి ఉంటుంది. కొన్ని చోట్ల పారాపెట్ గోడ (పిట్టగోడ), కప్పు మీద ఏసీ యూనిట్లు లెక్కలోకి రావు. ఆ 48లో పైన 5 అడుగులు పారాపెట్ అయితే కప్పు 43 దగ్గరే ఆగుతుంది, 10 శాతం లోపలే, అంటే సీ వేరియన్సే అవుతుంది. ఆర్డినెన్స్‌లో డెఫినిషన్ల సెక్షన్‌లో బిల్డింగ్ హైట్ అన్న పదం వెతకండి, తర్వాత ఆర్కిటెక్ట్ గీసిన ఎలివేషన్ షీట్‌లో కప్పు ఎంత దగ్గర ఉందో, పారాపెట్ పైకొస ఎంత దగ్గర ఉందో రెండు నంబర్లూ రాసుకోండి.

బోర్డు ప్లానర్ రివ్యూ లెటర్‌లో దీని గురించి ఏం రాశాడో చూశారా?

—

కొత్తిల్లు_జెర్సీ:

లెటర్ ఇంకా ఫైల్లోకి రాలేదన్నారు, వచ్చే వారం వస్తుందట. ఫొటో పెడుతున్నాను. పక్కింటి గుజరాతీ అంకుల్ రిటైర్డ్ మనిషి, రోజూ వెళ్లి అడుగుతానంటున్నాడు.

—

పీఈ_రాజమండ్రి:

అంకుల్‌ని పంపండి, అలాంటి మనిషే కావాలి. లెటర్ మాత్రమే కాదు, పాత వెర్షన్ ప్లాన్లు కూడా ఓప్రా ఫారం (ప్రభుత్వ రికార్డుల కాపీలు అడిగే ఫారం) నింపి అడగమనండి, మొదట ఎంత ఎత్తు పెట్టారో తెలుస్తుంది.

ఫొటో చూశాను. అందులో కప్పు లెవెల్ రాయలేదు, పైకొస ఒక్కటే ఉంది. ఒక గంట ల్యాండ్ యూజ్ లాయర్‌కి డబ్బు పెట్టడం ఇక్కడ దండగ కాదు, ఇది అధికార పరిధి ప్రశ్న కాబట్టి మొదటి రాత్రి సాక్షులు మొదలవకముందే లేవనెత్తితే మంచిది. అది డీ అని తేలితే బహుశా ఎత్తు తగ్గించుకుని మళ్లీ వస్తారు. వచ్చినప్పుడు డాక్‌లు తిప్పమని అడగడానికి మీకు టైము దొరుకుతుంది, గుంటూరు మిర్చి గారి దగ్గర ఆ రిజల్యూషన్ కాపీ ఉంటే తీసుకుని దగ్గర పెట్టుకోండి.

—

గుంటూరుమిర్చి_ఎన్‌జే:

ఉంది, మెసేజ్ పెట్టు తమ్ముడూ, పంపిస్తాను. ఫ్రీజర్ ట్రక్కుల కండిషన్ 14వ పేజీలో ఉంది.